మొహర్లీ గేటు మూసే వేళకు రేచుకుక్కలు

నమస్కారం. నేను దక్షిణాఫ్రికా నుంచి పెట్టే జోహానెస్‌బర్గ్ వీడియోలు చూసి చూసి విసుగు పుట్టిందనీ, సెలవుకు వచ్చినప్పుడైనా మహారాష్ట్రలోని మన బల్లార్షా వైపు చూపించమనీ మంచిర్యాల పెద్దమ్మ పట్టుబట్టడంతో, అమ్మనూ మామనూ వెంటబెట్టుకొని మొహర్లీ గేటు గుండా తాడోబా అడవికి సాయంత్రపు సఫారీకి వెళ్లాను. 1955లోనే జాతీయ పార్కు అయిన ఈ అడవి మహారాష్ట్రలోని జాతీయ పార్కులన్నిటికన్నా పాతది. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు కనుక, మీరిప్పుడు చూస్తున్నవన్నీ మా బావ కెమెరాతో తీసిన ఫొటోలు. మాట మాత్రమే నాది.

జిప్సీకీ (పైకప్పు లేని జీపు), గైడుకూ, ప్రవేశానికీ కలిపి 8,000 రూపాయల పైనే అయింది. బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు చేసిన మామ ఆ లెక్క విని, "నైట్ షిఫ్టుకు పోయేటప్పుడు పైసలడగకుండనే కనబడేది గద బిడ్డా పులి" అన్నాడు.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో పొద్దుగూకే వేళ పార్కువాళ్లే పెద్ద బండిలో తీసుకువెళ్లి, చీకటి పడ్డాక కూడా పెద్ద లైట్లు వేసి మృగాలను చూపిస్తారు. ఆ మూడు గంటలకు నేను 500 రాండ్ల దాకా కట్టాను. మన డబ్బులో సుమారు 2,500 రూపాయలు. ఇక్కడ మాత్రం చీకటి పడకముందే గేటు దాటి తీరాలి. నియమం మంచిదే, అడవికి రాత్రయినా మనుషుల పీడ వదలాలి. అయినా ఆ రోజు నాకు కలిగిన ఉక్రోషం ఇంతా అంతా కాదు.

తిరుగు ప్రయాణంలో చెరువుగట్టు మీద గైడు చేయెత్తి బండి ఆపించాడు. చెట్టు మీద కొండముచ్చు ఒకటే పనిగా అరుస్తోంది. "కోల్సూన్" అన్నాడతను గుసగుసగా. ముప్పై అయిదేళ్లుగా బజారులో మరాఠీలోనే బేరమాడుతున్న అమ్మ, నేను అడగకముందే "రేచుకుక్కలు" అని చెప్పింది. మొత్తం ఏడు. ఇటుక రంగు ఒళ్లు, నల్లని కుచ్చుతోక, మన వీధికుక్క కంటే పెద్దవేమీ కావు. మొరగవు, ఒకదాన్నొకటి సన్నని ఈలతో పిలుచుకుంటాయి. పులిలా గొంతు పట్టి చంపే ఓపిక వాటికి లేదు. తరిమి తరిమి అలసిపోయేలా చేసి, ప్రాణం ఉండగానే తినడం మొదలుపెడతాయి.

మందలోంచి విడిపోయిన చుక్కల దుప్పి ఒకటి కడుపులోతు నీళ్లలోకి దిగి నిలబడింది. వేటను నీళ్లలోకి తోలడం వాటికి అలవాటేనని గైడు చెప్పాడు. రెండు కుక్కలు ఒడ్డున తీరిగ్గా కూర్చున్నాయి, మిగిలినవి గడ్డిలోంచి అవతలి గట్టుకు చుట్టు తిరిగి వెళ్లాయి. ఆ చెరువులో మొసళ్లు కూడా ఉన్నాయి. దుప్పి ఒక చెవి కుక్కల వైపు, ఒక చెవి నీళ్ల వైపు తిప్పి, కాలు మాత్రం కదపలేదు. అమ్మ నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజుల అచ్చులు పడ్డాయి. క్రూగర్‌లో ఆఫ్రికా అడవికుక్కలు ఇంపాలా జింకను తరుముతున్నప్పుడు నేను ఉండబట్టలేక "చూడమ్మా" అని పైకే అన్నాను. పక్క సీటులోని ముసలాయన మర్యాదగా తల ఊపాడు.

సరిగ్గా అప్పుడే గైడు గడియారం చూసుకున్నాడు. ఆలస్యమైతే అతనికీ డ్రైవరుకూ పనికే ముప్పు. మామ ఇంకో రెండు నిమిషాలని బతిమాలాడు, నేను వంద రూపాయలు ఎక్కువిస్తానన్నాను, ఆ మాట అన్నందుకు తరువాత సిగ్గుపడ్డాను. బండి మలుపు తిరుగుతుండగా వెనుక నుంచి ఒక ఈల, ఆ వెంటనే నీళ్లు చెదిరిన చప్పుడు వినిపించాయి. దుప్పి బయటపడిందా అని అమ్మ మరాఠీలో అడిగితే, "రేపు పొద్దున వచ్చే బండ్లవాళ్లు చెబుతారు మావశీ" అన్నాడు గైడు. మావశీ అంటే పిన్ని.

గేటు దగ్గర ఫోను చేతికి రాగానే చూస్తే పెద్దమ్మ నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేసి రేచుకుక్కల సంగతంతా చెప్పాను. చివరిదాకా విని, "అవన్నీ సరే, పులి కనబడ్డదా లేదా?" అంది.