మూడు నుంచి ఆరు దాకా: బడి విడిచిన తర్వాత పిల్లల తిండి, ఆట

[దృశ్యం: బడి గేటు తెరుచుకుంటుంది. కొందరు పిల్లలు బస్సుల వైపు వెళతారు. ఇంకొందరు పుస్తకాల సంచులు భుజాన వేసుకుని అదే ఆవరణలోని భోజనశాలలోకి తిరిగి వస్తారు.]

వ్యాఖ్యానం:
అమెరికాలో చాలా ప్రభుత్వ పాఠశాలలు మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో విడిచిపెడతాయి. తల్లిదండ్రుల పని మాత్రం ఐదింటికో ఆరింటికో గాని ముగియదు. గంటల లెక్కన కూలి దొరికే ఉద్యోగాల్లో ఉన్నవారికైతే ఆ వేళ కూడా వారి చేతిలో ఉండదు. ఈ రెండు వేళల నడుమ పిల్లలను భద్రంగా ఉంచి, హోంవర్కు చేయించి, ఆడించి, ఏదైనా తినిపించి ఇంటికి పంపే ఏర్పాటునే ఆఫ్టర్‌స్కూల్ కార్యక్రమం అంటారు. తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలకు ఈ మూడు గంటల్లో అందే ఆహారమూ, దొరికే ఆటా ఎలా ఉండాలి, వాటిని మెరుగుపరచడానికి నిర్వాహకులు ఏమి చేయగలరు అన్నదే ఈ వీడియోలోని విషయం.

ముందుగా ఆకలి సంగతి. విద్యార్థులు ఎక్కువగా ఉన్న పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం విడతలుగా జరుగుతుంది కాబట్టి, మొదటి విడత పిల్లలు పదకొండు గంటలు కాకముందే తినేస్తారు. అలా తిన్న ఎనిమిదేళ్ల పిల్లవాడు మూడుంపావుకి బల్ల మీద తల వాల్చినా, పక్కవాడితో తగవు పడినా, లెక్కల కాగితం నలిపి పారేసినా దాన్ని క్రమశిక్షణ లోపం అనుకునే ముందు వాడు చివరిసారి ఎప్పుడు తిన్నాడో అడగాలి. ఇంటికి వెళ్లాక కడుపు నిండుతుందన్న భరోసా కూడా అందరికీ ఉండదు. స్నాప్ అనే ప్రభుత్వ ఆహార సహాయం నెలకు ఒకసారి ఖాతాలో పడుతుంది. నెలాఖరు వచ్చేసరికి చాలా ఇళ్లలో అది అయిపోయి ఉంటుంది. అందుకే చివరి వారంలో పిల్లలు రెండోసారి అడిగి తింటారని ఈ పనిలో ఉన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

[దృశ్యం: గోడ మీద నెలవారీ ఆహార పట్టిక. ఒక ఉద్యోగిని హాజరు పట్టీలో టిక్కులు పెడుతూ ఉంటుంది.]

వ్యాఖ్యానం:
ఈ ఆహారానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? వ్యవసాయ శాఖ నడిపే చైల్డ్ అండ్ అడల్ట్ కేర్ ఫుడ్ ప్రోగ్రామ్‌లో ఆఫ్టర్‌స్కూల్ కేంద్రాల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. కేంద్రం ఉన్న ప్రాంతంలోని పాఠశాలలో కనీసం 50 శాతం మంది పిల్లలు ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హులైతే ఆ కేంద్రం ఈ విభాగంలో చేరవచ్చు. కుటుంబ ఆదాయం ఫెడరల్ దారిద్ర్యరేఖకు 130 శాతం లోపు ఉంటే ఉచితం, 185 శాతం లోపు ఉంటే తగ్గింపు ధర. అయితే కేంద్రానికి ఒకసారి అర్హత వచ్చిన తర్వాత అక్కడికి వచ్చిన ఏ పిల్లవాడినీ ఆదాయం అడగరు, ఏ ఇంటికీ దరఖాస్తు పంపరు, ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. పేదరికాన్ని నిరూపించుకుంటే తప్ప ప్లేటు ఇవ్వని పద్ధతి పిల్లలను ఎంత చిన్నబుచ్చుతుందో తెలిసినవారికి ఈ నిబంధన విలువ అర్థమవుతుంది.

రోజుకు ఒక్కొక్క బిడ్డకు ఒక భోజనం, ఒక చిరుతిండి వరకు ప్రభుత్వం ఖర్చు తిరిగి చెల్లిస్తుంది. 2010కి ముందు సాయంత్రం పూట పూర్తి భోజనానికి ఈ చెల్లింపు కొన్ని రాష్ట్రాలకే పరిమితంగా ఉండేది. ఆ ఏడాది డిసెంబరులో అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన హెల్దీ, హంగర్-ఫ్రీ కిడ్స్ చట్టం దాన్ని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. ఇందుకు ప్రతిగా కేంద్రం చేయవలసింది రోజువారీ హాజరు, వడ్డించిన భోజనాల సంఖ్య, పదార్థాల పట్టిక రాసి ఉంచడం, పిల్లలకు చదువు గాని మరొక నైపుణ్యం గాని నేర్పే కార్యకలాపాన్ని క్రమం తప్పకుండా నడపడం. ఈ కాగితాల పనికి జడిసి చిన్న సంస్థలు అర్హత ఉండీ వెనకాడుతాయి. అటువంటి చోట లెక్కలన్నీ తన మీద వేసుకునే స్పాన్సరు సంస్థ కింద చేరే వీలు నిబంధనల్లోనే ఉంది. ఇది తెలియక, విరాళంగా వచ్చిన బిస్కెట్ల పెట్టెలతోనే ఏడాదంతా నెట్టుకురావడం నా దృష్టిలో నివారించదగిన నష్టం.

[దృశ్యం: బల్ల మీద పక్కపక్కనే రెండు చిరుతిండ్లు. ఒకటి: క్రాకర్ల పొట్లం, ఆపిల్ రసం. రెండోది: కోసిన ఆపిల్ ముక్కలు, జున్ను (చీజ్) పలక, ఒక గ్లాసు నీళ్లు.]

వ్యాఖ్యానం:
ఇప్పుడు ఈ రెండు ప్లేట్లను దగ్గరగా చూద్దాం. నిబంధన ప్రకారం చిరుతిండిలో ఐదు వర్గాల నుంచి రెండు ఉండాలి: పాలు, పండ్లు, కూరగాయలు, ధాన్యాలు, మాంసం లేదా దానికి ప్రత్యామ్నాయం. జున్ను, గుడ్డు, చిక్కుడు జాతి గింజలు, పెరుగు ఈ చివరి వర్గంలోకి వస్తాయి. ఈ లెక్కన రెండు ప్లేట్లూ నియమానికి లోబడినవే. కాని మొదటి ప్లేటులోని ముప్పావు కప్పు రసంలో సుమారు 20 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే దాదాపు ఐదు టీ చెంచాలు. పండులోని పీచు అందులో దాదాపు ఉండదు. అది తాగిన బిడ్డకు గంట తిరిగేసరికి మళ్లీ ఆకలి వేస్తుంది. రెండో ప్లేటులో నమిలి తినవలసిన పండు, కొంత మాంసకృత్తు ఉన్నాయి. నిబంధనలు కూడా కొంత ముందుకు జరిగాయి. 2017 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన మార్పుల ప్రకారం రసాన్ని రోజుకు ఒక్కసారి మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు, కేకులు, కుకీల వంటి తీపి పదార్థాలు ధాన్యంగా చెల్లవు, రోజుకు ఒక్కసారైనా ముడిధాన్యం అధికంగా ఉన్న పదార్థం పెట్టాలి. అయినా నియమం చెప్పేది కనీస మట్టం మాత్రమే.

ఆపిల్‌ను కోసి పెట్టడంలో కూడా ఒక ఆలోచన ఉంది. ఆరేడేళ్ల పిల్లలకు ముందరి పాలపళ్లు ఊగుతూనో ఊడిపోయో ఉంటాయి. వాళ్ల చేతికి నిండు పండు ఇస్తే రెండు కొరుకులు కొరికి చెత్తబుట్టలో వేస్తారు. ఆ బుట్ట చూసిన పెద్దలు "ఈ పిల్లలకు పండ్లు ఇష్టం లేదు" అని తీర్మానిస్తారు. పిల్లలు తినకపోవడానికి ఇష్టాయిష్టాలకంటే ముందు ఇటువంటి చిన్న అడ్డంకులను వెతకడం మంచిది. కొత్త కూరగాయ విషయంలోనూ అంతే. ఒకసారి వద్దన్నారని పట్టిక నుంచి తీసేయకూడదు. ఎనిమిది, పది సార్లు చిన్న ముక్కగా, బలవంతం లేకుండా ఎదురైతే చాలామంది పిల్లలు దాన్ని అలవాటు చేసుకుంటారు. ఆ బల్ల దగ్గరే కూర్చున్న పెద్దవారు అదే ముక్క నోట్లో వేసుకుంటే పని ఇంకా సులువవుతుంది. చేతిలో సోడా డబ్బా పట్టుకుని క్యారెట్ తినమని చెప్పే ఉద్యోగి మాట ఏ బిడ్డా వినదు.

[దృశ్యం: మూలన అల్మారా మీద నీళ్ల కూజా. పక్కన గ్లాసులు లేవు. తర్వాతి దృశ్యంలో అదే కూజా బల్ల మధ్యలో, చుట్టూ గ్లాసులు.]

వ్యాఖ్యానం:
హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బోస్టన్ నగరంలోని 20 ఆఫ్టర్‌స్కూల్ కేంద్రాలతో 2010-11 విద్యాసంవత్సరంలో ఒక అధ్యయనం చేశారు. ఓస్నాప్ అని పిలిచే ఆ ప్రయత్నంలో సగం కేంద్రాల సిబ్బంది తమ కేంద్రం ఎక్కడ వెనకబడిందో తామే పరిశీలించుకుని, కొన్ని లక్ష్యాలు ఎంచుకుని, ఆచరణలో మార్పులు చేసుకున్నారు. ప్రతి చిరుతిండితోనూ నీళ్లు అందించడం, తీపి పానీయాలు మానడం, పండో కూరగాయో తప్పకుండా పెట్టడం, రోజూ అరగంట ఆడించడం ఆ లక్ష్యాల్లో కొన్ని. ఆ కేంద్రాల్లో పిల్లలకు నీళ్లు ఎక్కువగా అందాయి, పానీయాల ద్వారా చేరే కెలోరీలు తగ్గాయి. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. బల్ల మీద ఉన్నది మారింది కాబట్టి పిల్లలు తాగేది మారింది. నీళ్లు మంచివని పిల్లలకు గోడపత్రిక వేసి చెప్పడం కంటే కూజాను అల్మారా మీద నుంచి దించి బల్ల మీద పెట్టడం తేలిక, ఖర్చు కూడా లేదు.

ఈ వీడియోలో నేను పదేపదే చెప్పబోయేదీ అదే. ఆరోగ్యం గురించి పిల్లలకు పాఠాలు చెప్పవచ్చు, తప్పులేదు. కాని తక్కువ ఆదాయం గల ఇళ్ల పిల్లలు తమ వంటింట్లోకి ఏమి రావాలో నిర్ణయించరు. తమ చేతిలో లేని దాని గురించి ఉపదేశాలు విన్న బిడ్డకు మిగిలేది ఇంటి తిండి పట్ల సిగ్గు. మార్చవలసింది కేంద్రం చేతిలో ఉన్న ఏర్పాటును. ఇదే కారణంగా పిల్లల బరువు తూచి అందరిముందూ చదవడం, బొద్దుగా ఉన్నవారికి వేరే ప్లేటు పెట్టడం వంటివి ఎంత మంచి ఉద్దేశంతో చేసినా చేయకూడదు. తిండిని బహుమతిగా ఇవ్వకూడదు. తప్పు చేసినవారి చేత మైదానం చుట్టూ పరుగులు తీయించకూడదు, ఎందుకంటే శిక్షగా పరిచయమైన పరుగును ఏ పిల్లవాడూ ఇష్టపడడు.

[దృశ్యం: జిమ్నాసియం. పైనుంచి తీసిన చిత్రం. 24 మంది పిల్లలు, ఒక్క బంతి.]

వ్యాఖ్యానం:
ఇక ఆట సంగతి. 2018లో వెలువడిన అమెరికా శారీరక శ్రమ మార్గదర్శకాలు 6 నుంచి 17 ఏళ్ల వారికి రోజూ కనీసం 60 నిమిషాలు ఒంటికి పని చెప్పాలంటున్నాయి. నేషనల్ ఆఫ్టర్‌స్కూల్ అసోసియేషన్ 2011లో ఆమోదించిన ప్రమాణాలను పాటించే కేంద్రం మధ్యాహ్నపు వేళలో కనీసం 30 నిమిషాలు, అంటే ఆ రోజు కోటాలో సగం తానే సమకూర్చగలదు. టైం టేబుల్‌లో "ఆటలు: 4 నుంచి 4:30" అని రాసి ఉండే కేంద్రాలు చాలానే ఉన్నాయి. ఆ అరగంటలో పిల్లలు నిజంగా ఎంతసేపు కదులుతున్నారన్నది వేరే ప్రశ్న.

తెర మీద కనిపిస్తున్నది కిక్‌బాల్, అంటే బంతిని కాలితో తన్ని బేసులనే గుర్తుల చుట్టూ పరుగెత్తే ఆట. పన్నెండు మంది ఒక జట్టు, పన్నెండు మంది మరొక జట్టు. తన్నే జట్టులో ఒకరు తన్నుతారు, మిగిలిన పదకొండు మందిలో ఎక్కువమంది గోడకు ఆనుకుని తమ వంతు కోసం చూస్తుంటారు. బంతి ఆపే జట్టులో పరుగెత్తేది ఇద్దరో ముగ్గురో. మొత్తం 24 మందిలో ఏ క్షణాన చూసినా నలుగురైదుగురికి మించి కదలడం లేదు. చిత్రాన్ని ఆపి మీరే లెక్కపెట్టవచ్చు. డాడ్జ్‌బాల్‌లో ఇంకొక చిక్కు ఉంది. బంతి తగిలినవారు ఔటై కూర్చోవాలి. మొదట ఔటయ్యేది సాధారణంగా అందరికంటే నెమ్మదిగా కదిలే బిడ్డే, అంటే ఆ పరుగు ఎవరికి ఎక్కువ అవసరమో వారే అందరికంటే ఎక్కువసేపు నేల మీద కూర్చుంటారు.

సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ లోపాలను సరిదిద్దడానికి లెట్ అస్ ప్లే అనే సూత్రాల సమితిని రూపొందించారు. వరసలు తీసేయండి, ఔట్ చేసే పద్ధతి మానండి, జట్టు చిన్నది చేయండి, పక్కన నిలబడ్డ పిల్లలనూ సిబ్బందినీ ఆటలోకి తీసుకురండి, స్థలాన్నీ సామగ్రినీ నియమాలనూ ఆటకు తగినట్టు మార్చండి అన్నది వాటి సారం. ఆట మారదు, పిల్లలకు నచ్చిన ఆటే ఉంటుంది. అదే కిక్‌బాల్‌ను మూడు బంతులతో, ఎనిమిదేసి మంది ఆడే మూడు ఆటలుగా విడగొట్టవచ్చు. తన్నినప్పుడు ఆ జట్టంతా కలిసి బేసుల చుట్టూ పరుగెత్తాలని నియమం పెట్టవచ్చు. డాడ్జ్‌బాల్‌లో ఔటైనవారు పది గంతులు వేసి మళ్లీ లోపలికి రావచ్చు. పదేళ్లు దాటిన ఆడపిల్లలు జట్టు ఆటలకు దూరంగా బెంచీల మీద చేరే చోట నాట్యమో, రెండు తాళ్ల స్కిప్పింగో మరొక ఎంపికగా ఉంచితే ఆ బెంచీలు ఖాళీ అవుతాయి.

[దృశ్యం: బల్లలు గోడ వైపుకు నెట్టిన తరగతి గది. కిటికీ బయట మంచు.]

వ్యాఖ్యానం:
జిమ్నాసియం దొరకని కేంద్రాలు, చీకటి పడ్డాక మైదానంలోకి పంపడం క్షేమం కాని పేటలు చాలా ఉన్నాయి. తరగతి గదిలోనే బల్లలు జరిపి పది నిమిషాల చొప్పున మూడు సార్లు ఆడించినా ఆ అరగంట నిండుతుంది. హోంవర్కు సమయం తగ్గిపోతుందన్న అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది, ముఖ్యంగా చదువు ఫలితాలు చూపి నిధులు తెచ్చుకోవలసిన కేంద్రాల నుంచి. వ్యాధి నియంత్రణ కేంద్రమైన సీడీసీ 2010లో అప్పటి అధ్యయనాలను సమీక్షించి, బడిలో శారీరక శ్రమకు కేటాయించిన సమయం చదువుకు మేలు చేయవచ్చునే గాని దెబ్బతీసినట్టు కనిపించదని తేల్చింది.

నిజమైన ఇబ్బంది సిబ్బంది. వీరిలో చాలామంది పార్ట్‌టైమ్ ఉద్యోగులు, కాలేజీ విద్యార్థులు. సెప్టెంబరులో శిక్షణ పొందినవారు ఫిబ్రవరికి ఉండరు. అందువల్ల రోజంతా సాగే శిక్షణ ఒకసారి ఇచ్చి ఊరుకోవడం కంటే, నెలకోసారి ఇరవై నిమిషాలు జిమ్నాసియంలోనే నిలబడి ఒక ఆటను సవరించి చూపడం పనికొస్తుంది. ఆ సవరించిన నియమాలను బంతుల పెట్టె మూత మీద అంటిస్తే, నిన్న చేరిన ఉద్యోగికి కూడా అవి కనిపిస్తాయి.

[దృశ్యం: ఒక చేతిలో స్టాప్‌వాచ్. దూరంగా ఆట సాగుతూ ఉంటుంది.]

వ్యాఖ్యానం:
ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని నిర్వాహకులు వచ్చే సోమవారం ఆటల వేళ ఒక స్టాప్‌వాచ్ తీసుకుని ఒక మూలన కూర్చోండి. ఎప్పుడూ ముందుండే బిడ్డను కాక, మీకు పేరు వెంటనే గుర్తురాని బిడ్డను ఎంచుకోండి. ఆ బిడ్డ కదిలినప్పుడు గడియారం నడపండి, నిలబడినప్పుడు ఆపండి. అరగంట తర్వాత అందులో కనిపించే నిమిషాలను కాగితం మీద రాసి, ఆ రోజు చిరుతిండి పట్టిక పక్కనే అంటించండి.