పారోలో పౌర్ణమి తెల్లవారుజాము: పిన్నితో భూటాన్ కబుర్లు

నేను: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌కి మా పిన్నిని కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్లు విజయవాడలో పిల్లలకి కూచిపూడి నేర్పింది. 2025 ఏప్రిల్‌లో ముగ్గురు స్నేహితురాళ్లతో భూటాన్ వెళ్లి, పారోలో జరిగే పండగ చూసొచ్చింది. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తోంది. మిగతాదంతా మైకు ముందు చెప్పమని నేనే ఆపాను. పిన్నీ, మొదలుపెడదామా?

పిన్ని: మొదలుపెట్టు తల్లీ. ముందు పండగ పేరు చెప్తాను. నన్ను అంత దూరం తీసుకెళ్లింది ఆ పేరే. దాన్ని త్సేచు అంటారు. అర్థం ఏంటో తెలుసా? పదో తిథి. అంటే దశమి!

నేను: అచ్చంగా మన దశమేనా?

పిన్ని: అచ్చంగా అదే. అక్కడ గురు రింపోచే అని కొలుస్తారే, ఆయన మన పద్మసంభవుడు. ఎనిమిదో శతాబ్దంలో హిమాలయాల్లో బౌద్ధం నాటినవాడు. దశమి ఆయన రోజు. అందుకే పండగకి ఆ పేరు. వాళ్లదీ చంద్రుణ్ణి బట్టి నడిచే పంచాంగమే కాబట్టి ఇంగ్లీష్ తేదీ ఏటా మారుతుంది. రాజధాని థింఫూలో త్సేచు శరదృతువులో వస్తుంది. 2025లో అయితే అక్టోబర్ 2న మొదలైంది. మన విజయదశమి కూడా ఆ రోజే! పారోలో మాత్రం వసంతకాలంలో, ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా ఐదు రోజులు చేస్తారు. మేం వెళ్లినప్పుడు ఏప్రిల్ 8 నుంచి 12 వరకు జరిగింది.

నేను: వినేవాళ్లు అడుగుతారు, ఎలా వెళ్లారు, ఎంతవుతుంది అని. అది చెప్పేసి పండగలోకి వెళ్దాం.

పిన్ని: బాగ్డోగ్రా దాకా విమానం, అక్కణ్ణుంచి కారులో జయగావ్. రోడ్డుకి ఇటు జయగావ్, గేటు దాటితే ఫుయెంత్‌షోలింగ్. అంతే, దేశం మారిపోతుంది. గడియారం అరగంట ముందుకి తిప్పుకోవాలి. మనకి వీసా అక్కర్లేదు, పర్మిట్ ఇస్తారు. దానికి పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఇది గట్టిగా చెప్తున్నాను, రాసుకోండి. మాకు టికెట్లు చూసిన ఏజెంటు ఆధార్ చాలన్నాడు. మాలో ఒకావిడ ఆధార్ ఒక్కటే పట్టుకొచ్చింది. దాంతో ఒక రోజంతా అక్కడే ఆగిపోయాం. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది పాపం. పండగ మొదటి రోజు మాకు అలాగే పోయింది.

నేను: డబ్బు సంగతి?

పిన్ని: మన రూపాయి, వాళ్ల ఎన్‌గుల్‌ట్రమ్ ఒకటే విలువ. హోటలూ భోజనమూ కాకుండా, మనవాళ్లయితే మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము ప్రభుత్వానికి కట్టాలి. మిగతా దేశాలవాళ్లకి ఇంకా చాలా ఎక్కువ. నాకైతే అది భారం అనిపించలేదు. గుంపులు గుంపులుగా వచ్చి తొక్కేసే చోటు కాకుండా ఆ దేశాన్ని కాపాడుకుంటున్నారు, దానికి మన వంతు ఇచ్చామనుకున్నాను.

నేను: ఇప్పుడు పారోకి వెళ్దాం.

పిన్ని: పారోలో నది ఒడ్డునే, కొండ వాలు మీద ఒక కోట ఉంటుంది. రిన్‌పుంగ్ జోంగ్. జోంగ్ అంటే కోటా, మఠమూ, కచేరీ అన్నీ కలిసిన కట్టడం. తెల్లని గోడలు లోపలికి కొంచెం వాలినట్టుంటాయి. చెక్క కిటికీల నిండా రంగులే. మొదటి రోజు నాట్యాలు ఆ కోట లోపలి ముంగిట్లోనే జరుగుతాయి. తర్వాతి రోజుల్లో బయట, రాళ్లు పరిచిన పెద్ద మైదానంలో.

ఇక్కడ నీకొక మాట చెప్పాలి. దీని కోసమే నేను మళ్లీ వెళ్లినా వెళ్తాను. రిన్‌పుంగ్ అంటే రత్నాల రాశి. 'పుంగ్' అంటే కుప్ప, రాశి. ఈ మాట వినగానే నాకు డ్రెపుంగ్ గుర్తొచ్చింది. టిబెట్‌లో ల్హాసా దగ్గర 1416లో కట్టిన పెద్ద మఠం. డ్రెపుంగ్ అంటే ధాన్యపు రాశి. ఆ పేరు ఎక్కణ్ణుంచి తీసుకున్నారు?

నేను: ధాన్యకటకం!

పిన్ని: మన అమరావతి పక్కన ధరణికోట! బుద్ధుడు అక్కడ కాలచక్రం అనే తంత్రాన్ని బోధించాడని టిబెట్ బౌద్ధుల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో ఆ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు కృష్ణ ఒడ్డంతా ఎర్రబట్టల సన్యాసులే, నీకు గుర్తుందా? అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. పారోలో ఒక వయసు మళ్లిన సన్యాసితో, మా గైడు చేత "ఈవిడది ధాన్యకటకం దగ్గర ఊరు" అని చెప్పించాను. ఆయన రెండు చేతులూ జోడించి నా వైపు కాసేపు చూస్తూ ఉండిపోయాడు. నాకు ఒళ్లు పులకరించింది. మనం కరకట్ట మీద బైకులేసుకుని తిరిగే ఊరు తల్లీ అది.

నేను: పిన్నీ, ఇక నాట్యం. నువ్వు ఏ కళ్లతో చూశావో అది కావాలి నాకు.

పిన్ని: వాళ్ల నాట్యాన్ని ఛామ్ అంటారు. మొదటి పది నిమిషాలు టీచర్ కళ్లతోనే చూశాను. అడుగు ఎలా పడుతోంది, తాళం ఎక్కడ ఉంది అని. పెద్ద పెద్ద ఇత్తడి తాళాలు, వంకీ తిరిగిన కర్రతో కొట్టే డోళ్లు, మనిషి కంటే పొడుగున్న కొమ్ముబూరలు ఉంటాయి. గ్యాలింగ్ అని ఒకటుంది, అది మన సన్నాయే! కళ్లు మూసుకుంటే గుడిలో కూర్చున్నట్టే ఉంది. అడుగు మాత్రం మనది కాదు. ఒంటికాలి మీద మెల్లగా తిరిగి, ఒక్కసారి గాల్లోకి లేస్తారు. మడతల పట్టు పావడా గొడుగులా విచ్చుకుంటుంది.

ఇంకోటి గమనించాను. చాలా మాస్కుల్లో నాట్యం చేసేవాడి చూపు మాస్క్ కళ్లలోంచి కాదు, నోట్లోంచి వస్తుంది. తలకి గుడ్డలు చుట్టుకుని, దాని మీద ఆ బరువైన చెక్క మొహం కట్టుకుంటాడు. అంటే లోపలి మనిషి దేవత నోట్లోంచి మనల్ని చూస్తున్నాడన్న మాట. మనకి అభినయమంతా కళ్లలోనే కదా. అక్కడ కళ్లు కదలవు, కనుబొమ్మ కదలదు. అయినా భయమేస్తుంది, దుఃఖమొస్తుంది. ఎలా అని రెండు రోజులు ఆలోచించాను.

నేను: ఎలా అంటావు?

పిన్ని: రాక్షా మాంగ్‌ఛామ్ చూశాక తెలిసింది. చనిపోయినవాళ్లకి తీర్పు చెప్పే నాట్యం అది. గంటల తరబడి సాగుతుంది. యమధర్మరాజు బొమ్మని, రెండు నిలువుల ఎత్తు ఉంటుందేమో, మోసుకొస్తారు. కింద ఆయన పరివారం. ఎద్దు మొహంవాడు, పంది మొహంవాడు, చేతిలో త్రాసుతో కోతి మొహంవాడు. ఒక పక్క తెల్లని దేవుడు, ఇంకో పక్క నల్లని పిశాచం. నల్లబట్టల్లో పాపిని లాక్కొస్తారు. వాడు పారిపోవడానికి చూస్తాడు, జనం నవ్వుతారు. తూకం వేస్తారు, పాపం వైపు మొగ్గుతుంది. అప్పుడు నేల మీద ఒక నల్లగుడ్డ పరుస్తారు. అదే నరకానికి దారి. దాని మీద వాణ్ణి ఈడ్చుకుపోతారు. తర్వాత పుణ్యాత్ముడొస్తాడు, తెల్లగుడ్డ పరుస్తారు.

నా పక్కన ఒక ముసలావిడ, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బామ్మని వాళ్ల భాషలో ఆంగే అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఒక్కో మాస్క్ రాగానే ఆ పిల్ల చెవిలో ఏదో చెప్తోంది. ఏం చెప్తోందని గైడుని అడిగాను. "పోయాక దారిలో ఈ మొహాలు కనబడతాయి. ముందే చూసుకుంటే అప్పుడు గుర్తుపడతావు, భయపడవు" అంటోందట.

నేను: అయ్యో... ఎంత మాట పిన్నీ.

పిన్ని: నాలుగేళ్ల పిల్లకి! చాలా మామూలుగా, అన్నం కలిపి పెడుతూ చెప్తోంది. అప్పుడు తెలిసింది తల్లీ, ఆ మాస్క్ ఎందుకు కదలదో. మనం పాత్రని చూసి ఆనందించాలి. వాళ్లు ఆ మొహాన్ని గుర్తుపెట్టుకోవాలి. ప్రతిసారీ అదే మొహం, అదే రంగు ఉండాలి. రేపు దారిలో కనబడేది అదే కాబట్టి. చూడటమే అక్కడ పూజ. నేను ఆ క్షణానే ఫోన్ బ్యాగులో పెట్టేశాను.

నేను: మధ్యలో నవ్వించేవాళ్లు కూడా ఉంటారన్నావు.

పిన్ని: అత్సరలు. ఎర్ర మాస్క్, పొడుగు ముక్కు. నాట్యగాడి వెనకాలే వెక్కిరిస్తూ తిరుగుతారు, జనంలోకి వచ్చి ఆటపట్టిస్తారు, చేతిలో చెక్కతో చేసిన లింగం ఊపుతుంటారు. అక్కడ అది తప్పు కాదు, దిష్టి తగలకుండా ఇళ్ల గోడల మీద కూడా బొమ్మ వేసుకుంటారు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు లేడూ, అలాగే. ఇంతకీ అత్సర అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? మన 'ఆచార్య'. నవ్విస్తూనే పని చేస్తారు వాళ్లు. ఒక నాట్యగాడి మాస్క్ తాడు వదులైతే, అత్సర పరిగెత్తుకెళ్లి కట్టాడు. ఆ ముడి వేసేటప్పుడు మాత్రం వెక్కిరింపు లేదు. అచ్చం గురువే.

నేను: తిండి ఎలా ఉంది?

పిన్ని: ఎమ దత్షి. ఎమ అంటే మిరపకాయ, దత్షి అంటే చీజ్. మిరపకాయ వాళ్లకి మసాలా కాదు, కూరగాయే! గుంటూరువాళ్లం కదా, మాకు ఇబ్బంది లేదు. ఎర్రబియ్యం అన్నంలో కలుపుకుని తిన్నాం. వెన్న, ఉప్పు వేసిన టీ సుజా మాత్రం నాకు నచ్చలేదు. ఆంగే తన బుట్టలోంచి దోమా తీసి పెట్టింది. తమలపాకు, వక్క, సున్నం! వక్క పులిసిన వాసన వేస్తుంది, నమలగానే ఒళ్లు వేడెక్కుతుంది. ఆ చలిలో హాయిగా అనిపించింది. ఆవిడ ఆకుకి సున్నం రాసిన తీరు చూస్తే మా అమ్మమ్మే గుర్తొచ్చింది. మీకు కూడా ఎవరైనా పెడితే కాదనకండి. తీసుకుని "కాద్రిన్‌ఛె లా" అనాలి. కాద్రిన్‌ఛె అంటే కృతజ్ఞతలు. చివర ఆ 'లా' మన 'అండీ' లాంటిది, పెద్దవాళ్లతో మర్చిపోకూడదు.

నేను: వెళ్లేవాళ్లు ఇంకేం గుర్తుపెట్టుకోవాలి?

పిన్ని: బట్టలు. అక్కడ మగవాళ్లు గో, ఆడవాళ్లు కిరా కట్టుకుని, ఉన్నవాటిలో మంచివి బయటికి తీసి వస్తారు. జోంగ్‌లోకి వెళ్లేటప్పుడు మగవాళ్లు కబ్నే అనే పొడవాటి కండువా వేసుకోవాలి. మామూలు జనానికి తెలుపు, రాజుగారికి, ప్రధాన మఠాధిపతికి పసుపు. అంత పద్ధతిగా వచ్చినవాళ్ల మధ్యకి మనం నిక్కర్లతో వెళ్తే ఎలా? మేం చీరలు కట్టుకున్నాం, ఎంత మర్యాద చేశారో! టోపీ తీసెయ్యాలి. నాట్యం జరిగే నేల మీదకి ఫోటో కోసం అస్సలు దిగకూడదు. కొందరు దిగారు, నాకు చాలా బాధేసింది.

నేను: పారో కుదరనివాళ్లకి?

పిన్ని: అక్టోబర్, నవంబర్‌లలో బుమ్‌తాంగ్‌లో జంబే ల్హాఖాంగ్ పండగ ఉంది. ఏడో శతాబ్దపు గుడి అది. నవంబర్ 11న ఫోబ్జిఖా లోయలో నల్లమెడ కొంగల పండగ చేస్తారు. టిబెట్ పీఠభూమి నుంచి చలికాలం గడపడానికి వచ్చే కొంగలకి స్వాగతం చెప్తూ బడిపిల్లలు కొంగల వేషాలేసి ఆడతారట. నేనింకా చూడలేదు, చూడాలి. తక్‌త్సాంగ్, ఆ కొండ అంచు మఠం ఎలాగూ అందరూ ఎక్కుతారు. 3,120 మీటర్ల ఎత్తు. మేమూ ఎక్కాం, ఫోటోలు పంపాను కదా.

నేను: ఇక ఆ చివరి రోజు.

పిన్ని: రెండున్నరకే లేచాం. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఆంగే ముందే చెప్పింది, ఆలస్యం చెయ్యొద్దని. మైదానంలో అప్పటికే జనం, చంటిపిల్లల్ని వీపుకి కట్టుకున్న తల్లులు. ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. ఆ రోజు పౌర్ణమి కదా, చందమామ కొండ మీదకి వాలుతున్నాడు. సన్యాసులు తాళ్లు లాగుతుంటే, ఎత్తైన గోడ మీద చుట్ట విప్పుకుంటూ ఒక పట్టు పటం పైకి లేస్తోంది. దాన్ని థోంగ్‌డ్రెల్ అంటారు. చూస్తేనే ముక్తినిచ్చేది అని అర్థం. రంగు పూసింది కాదు, పట్టు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి కుట్టింది. మధ్యలో గురు రింపోచే, చుట్టూ ఆయన ఎనిమిది రూపాలు. ఎండ పడితే పట్టు పాడవుతుందని పొద్దు పైకి రాకముందే చుట్టేస్తారు. ఆ రెండు మూడు గంటలే. మళ్లీ ఏడాదికి.

నేను: ఫోటో తీశావా?

పిన్ని: లేదు. వరుసలో నిలబడ్డాను. పటం కింది అంచు దగ్గరికి అందరూ వెళ్లి తల ఆనిస్తారు. నా ముందు ఆంగే. మనవరాలిని ఎత్తి, దాని నుదురు పట్టుకి ఆనించింది. తర్వాత తను ఆనించింది. నేను అక్కడే ఆగిపోయాను, బయటిదాన్ని కదా, తాకొచ్చో లేదో అని. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నా మెడ వెనక చెయ్యి వేసి, మెల్లగా కిందకి వంచింది. ఆ పట్టు చల్లగా ఉంది తల్లీ, రాత్రి మంచుకి కొంచెం తడిగా కూడా.