పాటల వెనకాల ఇళయరాజా: నేపథ్య సంగీతంపై స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఇళయరాజా అనగానే మనకు పాటలే గుర్తొస్తాయి. ఈ రోజు వాటిని కాసేపు పక్కన పెట్టి ఆయన నేపథ్య సంగీతం గురించి, సినిమావాళ్ల మాటల్లో ఆర్ఆర్ (రీరికార్డింగ్) గురించి మాట్లాడుకుందాం. మనతో ముగ్గురున్నారు. సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన వయొలిన్ విద్వాంసులు, ఒక మిక్సింగ్ ఇంజనీరు, ఒక సినీ విమర్శకురాలు. మేడమ్, మీతో మొదలుపెడతాను. ఈ విద్యకి పునాది ఎక్కడ పడింది?

విమర్శకురాలు: ఆయన 1943లో తమిళనాడులో, ఇప్పటి తేని జిల్లాలోని పన్నైపురంలో పుట్టారు. అన్నగారు పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు సభల్లో పాటలు పాడేవారు. తమ్ముళ్లు ఆయన వెంట ఊరూరా తిరిగారు. ఆ తిరుగుడులోనే జానపదం అబ్బిందని అందరూ అంటారు, నిజమే. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది. బహిరంగ సభలో పాడేవాళ్లకి జనం మొహాలు కనిపిస్తుంటాయి. ఎక్కడ చెవులప్పగించి వింటున్నారో, ఎక్కడ లేచి వెళ్లిపోతున్నారో అప్పటికప్పుడు తెలిసిపోతుంది. ఎదుటివాళ్ల ఓపిక ఎంతో చిన్నప్పుడే చూసిన మనిషి, తర్వాత సినిమా రీలు ముందు కూర్చున్నారు.

వయొలిన్ విద్వాంసులు: దానికి మద్రాసు చదువు తోడైంది. 1960ల చివర్లో మద్రాసు వచ్చి ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్నారు. కర్ణాటక సంగీతం టి.వి. గోపాలకృష్ణన్ గారి దగ్గర. ఒకపక్క సలీల్ చౌదరి గారి రికార్డింగుల్లో గిటార్ వాయిస్తూ, ఇంకోపక్క జి.కె. వెంకటేశ్ గారికి సహాయకుడిగా చాలా సినిమాలకి పనిచేశారు. అందుకే 1976లో సంగీత దర్శకుడిగా మొదటి సినిమా ‘అన్నక్కిళి’ వచ్చేనాటికి పేరు కొత్తదే గానీ చెయ్యి కొత్తది కాదు.

వ్యాఖ్యాత: ఆ పేరు కూడా అప్పుడు పెట్టిందే కదా?

వయొలిన్ విద్వాంసులు: అవును. ఇంట్లో రాసయ్య, మాస్టారి దగ్గర రాజా. అప్పటికే మన ‘పెళ్లి కానుక’ సంగీత దర్శకుడు ఏ.ఎం. రాజా గారు ఉన్నారు కాబట్టి, నిర్మాత పంచు అరుణాచలం గారు ముందు ‘ఇళయ’, అంటే చిన్న అని చేర్చారు.

వ్యాఖ్యాత: ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. ఆర్ఆర్ అంటే స్టూడియోలో ఏం జరుగుతుంది?

వయొలిన్ విద్వాంసులు: ఎడిటింగ్ అయిన సినిమాని రీలు తర్వాత రీలు వేసి చూపిస్తారు. సంగీతం ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, మధ్యలో ఏ చూపు దగ్గర మారాలి, ఇవన్నీ సెకన్లతో సహా రాసుకుంటారు. చాలామంది సంగీత దర్శకులు ఇక్కడ హార్మోనియం మీద ఒక వరస చెబితే, దాన్ని వాద్యాలకి పంచి రాసే అరేంజర్ వేరే ఉంటారు. ఇళయరాజా గారి దగ్గర ఆ ఇద్దరూ ఒక్కరే. రీలు చూసి, వాద్యం ముట్టుకోకుండా, నేరుగా కాగితం మీద పూర్తి స్కోరు రాసేస్తారు. మొదటి వయొలిన్లకి ఒక వరస, రెండో వయొలిన్లకి ఇంకొకటి, వయోలాకి, చెల్లోకి, ఫ్లూటుకి, బేస్ గిటారుకి దేనిది దానికి. కాపీ రాసేవాళ్లు ఆ స్కోరులోంచి ఎవరి భాగం వాళ్లకి విడదీసి ఇస్తారు. వాయించేవాడికి తన కాగితంలో ఉన్నదే కనిపిస్తుంది. నాలుగు స్వరాలు, ఒక విరామం, మళ్లీ రెండు స్వరాలు. అందరూ కలిసి వాయించినప్పుడు అది ఏమైందో తెలుస్తుంది. ఆ క్షణంలో ఒళ్లు జలదరిస్తుంది, ఇది పొగడ్త కోసం అనడం లేదు.

ఇంజనీర్: సార్ చెప్పినదాంట్లో ‘విరామం’ అనే మాట పట్టుకుంటాను. 1970, 80ల్లో మన థియేటర్లలో సౌండు దాదాపు అంతా మోనో. మాటలు, సంగీతం, అడుగుల చప్పుడు, వాన అన్నీ తెర వెనకున్న ఒకే దారిలోంచి రావాలి. ఫిలిం అంచున శబ్దాన్ని గీతగా ముద్రించే ఆప్టికల్ ట్రాకులో సన్నని పై స్వరాలు సరిగ్గా పలకవు కూడా. అలాంటప్పుడు నటుడి గొంతు పలికే స్థాయిలోనే వయొలిన్లు గట్టిగా వాయిస్తే ఏదో ఒకటి చావాలి. మిక్సింగులో సంగీతాన్ని తగ్గించేస్తారు, అక్కడ రాసిందంతా వృథా. ఇళయరాజా పాత సినిమాలు వింటే సంగీతం మాటకి దారి ఇవ్వడం తెలుస్తుంది. డైలాగ్ మీద కింది స్వరం ఒకటి నిలబడుతుంది, మాటకీ మాటకీ మధ్య ఫ్లూట్ వస్తుంది, మళ్లీ గొంతు లేవగానే తప్పుకుంటుంది. ఇంజనీరు చెయ్యాల్సిన పని సగం ఆయన కాగితం మీదే చేసేశారు.

వ్యాఖ్యాత: తెలుగులో దీనికి ఉదాహరణ చెప్పాలంటే?

విమర్శకురాలు: వంశీ గారి ‘అన్వేషణ’, 1985. నాకు ఇందులో రెండో ఆలోచన లేదు. అడవి, హత్యలు, ఎవరు చేశారో తెలీదు. కథానాయిక పక్షుల కూతలకీ సంగీతానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేసే అమ్మాయి. అంటే కథలోనే చెవికి పని ఉంది. మామూలుగా మన సినిమాల్లో భయం అంటే పెద్ద మోత. ఇందులో అడవి ఒక్కోసారి ప్రేమకథకి అందంగా వినిపిస్తుంది, ఒక్కోసారి అదే చెట్ల మధ్య ఊపిరి బిగపట్టాల్సి వస్తుంది. ఫొటోగ్రఫీ గొప్పదే, ఎం.వి. రఘు గారి పనిని తక్కువ చెయ్యను. అయినా ఇప్పుడు క్షేమమా, ప్రమాదమా అన్నది కంటి కన్నా ముందు చెవికి తెలుస్తుంది. దాంట్లో పాటలు ఎంత ఇష్టమని ఎవరినడిగినా చెబుతారు. ఆ పాటల మధ్య రెండు గంటలు మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టింది ఏమిటన్నది ఎవరూ చెప్పరు. అది నాకు బాధగా ఉంటుంది.

ఇంజనీర్: ఒక్క నిమిషం మేడమ్, మీతో కొంచెం విభేదిస్తాను. నేపథ్య సంగీతం విడిగా గుర్తుండకపోవడమే దాని గొప్పతనం అనే వాదన ఉంది. సీను గుర్తుంది, అందులో సంగీతం కలిసిపోయింది. అది చాలదా?

విమర్శకురాలు: ప్రేక్షకుడికి చాలు. రాసిన మనిషికి చాలదు. మన జాతీయ అవార్డులనే చూడండి. ఇళయరాజాకి ఉత్తమ సంగీత దర్శకుడి అవార్డులు తెచ్చిన మూడు సినిమాల్లో రెండు తెలుగువి, ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’. మూడోది తమిళ ‘సింధుభైరవి’. మూడూ సంగీతం, నాట్యం చుట్టూ అల్లిన కథలే, మనం వాటిని తలుచుకునేదీ పాటలతోనే. నేపథ్య సంగీతానికి ప్రతి ఏడాదీ విడిగా అవార్డు ఇవ్వడం 2009 సినిమాల నుంచే. అంతకుముందు 1994కి ఒక్కసారి మలయాళ సంగీత దర్శకుడు జాన్సన్ గారికి ఇచ్చారు. 2009ది మలయాళ ‘పళశ్శిరాజా’కి ఇళయరాజాకే వచ్చింది, తర్వాత 2015కి తమిళ ‘తారై తప్పట్టై’కి మరోటి. ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేశాక దానికంటూ విడిగా ఒక గుర్తింపు వచ్చింది. కలిసిపోవడం గొప్పదే సార్, కానీ కలిసిపోయినందుకు లెక్కలోంచే తీసేస్తే ఎలా?

ఇంజనీర్: ఆ మాట ఒప్పుకుంటాను.

వ్యాఖ్యాత: వేల పాటలు, వెయ్యికి పైగా సినిమాలు. అంత వేగంలో నాణ్యత తగ్గలేదా?

వయొలిన్ విద్వాంసులు: తగ్గిన సినిమాలు ఉన్నాయి, ఎందుకు దాచాలి? కొన్నిటి ఆర్ఆర్ రెండు మూడు రోజుల్లో అయిపోయేది. దర్శకుడిలో సరుకు లేనప్పుడు ఆయన మాత్రం సీనుకి ఏం ప్రాణం పోస్తారు? కానీ విశ్వనాథ్ గారు, బాలు మహేంద్ర గారు, మణిరత్నం, వంశీ లాంటి వాళ్ల సినిమాల్లో వినండి. ‘నాయకుడు’లో ఒక్క వరస ఉంది, తమిళంలో ‘తెన్‌పాండి చీమయిలే’. అది పాటగా వస్తుంది, మళ్లీ మళ్లీ నేపథ్యంలో వస్తుంది. ఆ మనిషి కుర్రాడిగా ఉన్నప్పుడూ అదే, ముసలివాడయ్యాకా అదే. స్వరాలు మారవు. మనకి ఆ మనిషి గురించి తెలిసింది పెరుగుతుంది కాబట్టి బరువు పెరుగుతుంది.

ఇంజనీర్: అది మనకి డబ్బింగులో వచ్చిన సినిమా. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. డబ్బింగు కోసం మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉండే ట్రాకు ఒకటి తయారుచేస్తారు, ఎం అండ్ ఈ, అంటే మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్ అంటాం. తెలుగులో మాటలు, పాటల సాహిత్యం కొత్తగా వస్తాయి. నేపథ్య సంగీతం మాత్రం ఆయన రాసింది రాసినట్టే ఉంటుంది. అనువాదం అక్కర్లేకుండా మనదాకా వచ్చింది ఆ ఒక్కటే.

వ్యాఖ్యాత: 1992 తర్వాత, ‘రోజా’తో రెహమాన్ వచ్చాక, ఆయన శకం ముగిసిందని చాలామంది రాశారు.

విమర్శకురాలు: రాశారు. మార్కెట్ మారింది, అది కాదనలేం. కానీ కంప్యూటరుకి భయపడ్డ పాతకాలం మనిషిగా ఆయన్ని చూపించడం అన్యాయం. 1986లో తమిళ ‘పున్నగై మన్నన్’కి సీక్వెన్సర్, అంటే స్వరాలని దాచుకుని తనే వాయించే యంత్రం వాడారు, ఆ పనిలో కీబోర్డు దగ్గర ఉన్న కుర్రాడు రెహమానే. అదే ఏడాది ‘హౌ టు నేమ్ ఇట్?’ అనే ఆల్బమ్ చేసి త్యాగరాజస్వామికీ జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితమిచ్చారు. సినిమా లేదు, సీను లేదు, వయొలిన్ల మీద మన రాగం, వాళ్ల కౌంటర్‌పాయింట్, అంటే వేర్వేరు వరసలు ఒకేసారి కలిసి నడవడం. రెండు దారులూ ఆయనకి ఒకేసారి తెరిచే ఉన్నాయి. 2011లో బాపు గారి ‘శ్రీరామరాజ్యం’ దగ్గరికి వచ్చేసరికి వయొలిన్ల దారినే ఎంచుకున్నారని మనం విన్నాం.

వయొలిన్ విద్వాంసులు: ఆ దారే లండన్ దాకా వెళ్లింది. 1993లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో ఒక సింఫొనీ రికార్డు చేశారు, అది బయటికి రాలేదు. 2025 మార్చి 8న, ఎనభై దాటిన వయసులో, రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రాతో లండన్‌లో తన సింఫొనీ ‘వేలియంట్’ వినిపించారు. నాలుగు భాగాలు. ఆ వార్త వచ్చిన రోజు వాయిద్యకారులం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని పండగ చేసుకున్నాం.

వ్యాఖ్యాత: చివరి ప్రశ్న. పాత సినిమాల నేపథ్య సంగీతాన్ని విడిగా, శుభ్రంగా వినాలనుకునే వాళ్లకి దారి ఉందా?

ఇంజనీర్: చాలావాటికి కష్టం. థియేటర్ ప్రింటులో అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఈమధ్య వచ్చిన సాఫ్ట్‌వేర్లు మాటని, సంగీతాన్ని కొంతవరకు విడదీస్తున్నాయి గానీ, వయొలిన్ల చివర్లు తెగిపోయినట్టు వినిపిస్తాయి. నమ్మదగ్గది ఆ ఎం అండ్ ఈ ట్రాకే. అది మాగ్నెటిక్ టేపు మీద ఉంటుంది. తేమకి పాడవుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పూత ఊడిపోతుంది. నిర్మాతల గోడౌన్లలో, ల్యాబుల్లో పాత టేపులుంటే దయచేసి పారెయ్యకండి, ముందు డిజిటల్‌లోకి ఎక్కించండి.

వయొలిన్ విద్వాంసులు: చేత్తో రాసిన స్కోరు కాగితాల సంగతీ అంతే. సార్ టేపుల గురించి అడిగినట్టు నేను కాగితాల గురించి అడుగుతున్నాను. మా తోటి వాయిద్యకారుల ఇళ్లలో అటకల మీద పాత పార్ట్స్ ఏమైనా ఉంటే, చిరిగినవైనా సరే, కనీసం ఫోన్లో ఫొటోలు తీసి పెట్టండి. ఒక్క వయోలా కాగితం దొరికినా ఆ సంగీత ఖండంలో లోపలి వరస ఎలా నడిచిందో చెప్పొచ్చు.