పాత లారీకి సెకండ్ హ్యాండ్ డీజిల్ పంపు సెట్టు బిగించి టైమింగ్ పెట్టే పద్ధతి

అందరికీ నమస్కారమండి. పాత ఆరు సిలిండర్ల డీజిల్ లారీకి, వేరే బండి నుంచి విప్పిన ఇంజెక్షన్ పంపు సెట్టును ఎలా బిగించాలో, దాని టైమింగ్, అంటే డీజిల్ చిమ్మడం మొదలయ్యే క్షణం, ఎలా పెట్టాలో ఈ వీడియోలో చూద్దాం. సెట్టు అంటే ఇదిగో, బల్ల మీద ఉన్నవన్నీ: ఇంజెక్టర్లకు ఒత్తిడితో డీజిల్ పంపే పంపు, దానికే తగిలించి ఉన్న, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, ఆరు ఇంజెక్టర్లు, ఆరు హైప్రెషర్ పైపులు. మన కోనసీమ అంబాజీపేట కొబ్బరికాయల లోడ్లకూ, కోతల రోజుల్లో ధాన్యం బస్తాలకూ తిరిగే పాత బళ్ళ యజమానులలో చాలామందికి కొత్త పంపు కొనే స్తోమత ఉండదు. విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చుకున్న ఇలాంటి పాత సెట్టే వారికి ఆధారం, కాబట్టి దానిని సరిగ్గా బిగించడం తెలిసి ఉండాలి.

మొదట పంపు మీద ఉన్న ఈ చిన్న ప్లేటు చదవాలి. గుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి వేస్తే అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి. పి.ఇ.ఎస్. 6 ఎ 80 అని మొదలవుతోంది, చూడండి. పి.ఇ. అంటే వరుస పంపు, ఎస్. అంటే ముందున్న బోల్టు రంధ్రాల అంచుతో, అంటే ఫ్లాంజితో, ఇంజిన్‌కు బిగించే రకం, 6 అంటే ఆరు సిలిండర్లు, ఎ అనేది పంపు సైజు, 80 అంటే ఎలిమెంటు ప్లంజర్ వ్యాసం 8 మిల్లీమీటర్లు. ఎలిమెంటు అంటే ఒక్కొక్క సిలిండర్‌కు డీజిల్ నెట్టే భాగం, ప్లంజర్ అంటే అందులో పైకీ కిందికీ ఆడే కడ్డీ. ఆ తరువాత వచ్చే ఆర్. లేదా ఎల్. అక్షరం చాలా ముఖ్యం, ఎందుకంటే అది పంపు తిరిగే దిశను చెబుతుంది. ఆర్. అంటే గేరు వైపు నిలబడి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశ. మీ పాత పంపు ప్లేటునూ, ఈ ప్లేటునూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరమే పోల్చుకోండి. ఒకదాని మీద మైకో అనీ మరొకదాని మీద బాష్ అనీ ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. అది ఒకే సంస్థ, 2008లో పేరు మారింది, అంకెల పద్ధతి మారలేదు.

ఇప్పుడు పక్క మూత తీసి ర్యాకును, అంటే డీజిల్ మోతాదును పెంచీ తగ్గించే కడ్డీని, వేలితో కదుపుతున్నాను. ఈ చివరి నుంచి ఆ చివరికి ఎక్కడా పట్టుకోకుండా జారాలి. మన ప్రాంతంలో ఉప్పుగాలికీ, వానాకాలం చెమ్మకూ షెడ్డులో ఊరికే పడి ఉన్న పంపులకు తుప్పు తొందరగా పడుతుంది, ర్యాకు బిగుసుకుపోతుంది. ర్యాకు ఫుల్ డీజిల్ దగ్గర ఇరుక్కున్న పంపును బండికి బిగించి స్టార్ట్ చేస్తే, ఇంజిన్ అదుపు తప్పి రేసు ఎక్కి పగిలిపోయే ప్రమాదం ఉంది. అందుచేత పాత పంపును ముందు పంపు షాపులో టెస్ట్ బెంచి మీద పెట్టించి, ఆరు ఎలిమెంట్ల డెలివరీ సమానంగా ఉందో లేదో, ఒక్కొక్క ఎలిమెంటుకూ మధ్య 60 డిగ్రీల ఎడం వస్తోందో లేదో చూపించుకోవాలి. ఇంజెక్టర్లనూ అక్కడే పరీక్ష చేయించండి. ఇంజెక్టర్ మొన, అంటే నాజిల్, మంచులాగా చిమ్మాలి కానీ కారకూడదు. ఈ ఖర్చును మిగుల్చుకుందామని మాత్రం అనుకోవద్దు.

పాత పంపు విప్పడం తేలికే. చక్రాల కింద దిమ్మలు పెట్టి, బ్యాటరీ తీగ తీసి, పైపులు విప్పి, విప్పిన ప్రతి నోటికీ వెంటనే ప్లాస్టిక్ మూత పెట్టేయాలి. లోపలికి ఇసుక రేణువు పోయినా ఎలిమెంటు గీసుకుపోతుంది. పైపులు వరుస తప్పకుండా ఒక తాడుకు గుచ్చుకోండి. వాటి పొడవులు సమానంగా ఉండేలా తయారు చేస్తారు కాబట్టి వంచడం, కోయడం చేయకూడదు.

ఇక అసలు పనికి వచ్చాము, ఇక్కడ నెమ్మదిగా చెబుతాను. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-5-3-6-2-4. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కనుక క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక చుట్టే తిరుగుతుంది. ఫ్లైవీల్ మీద గుర్తు రెండు చుట్లలోనూ కనిపిస్తుంది, కానీ అందులో ఒకటే ఒకటో నంబరు కంప్రెషన్. ఏది అన్నది ఎలా తెలుస్తుంది? ట్యాపెట్ మూత తీసి ఆరో నంబరు వాల్వులను చూడాలి. కుర్రాడు ఇంజిన్‌ను తిప్పుతున్నాడు, మీరు ఆరో నంబరు దగ్గరే కళ్ళు పెట్టండి. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ, ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుంటూ, రెండూ ఒకేసారి కదిలాయి, చూశారా? అలా ఆరోది కదిలిన చోట ఒకటో నంబరు కంప్రెషన్ మీద పైకి వచ్చినట్టు. ఒకటో నంబరు వాల్వులే అలా కదులుతుంటే మీరు తప్పు చుట్టులో ఉన్నట్టు, మరొక పూర్తి చుట్టు తిప్పాలి.

ఇప్పుడు ఇంజిన్ పుస్తకంలో ఇచ్చిన డిగ్రీ గుర్తు దగ్గర ఫ్లైవీల్‌ను నిలిపి, పంపును దాని సొంత గుర్తు దగ్గర పెట్టి, గేరు కలిపి, ఫ్లాంజి నట్లను వేలి బిగువున మాత్రమే ఉంచాను. చాలామంది ఇక్కడ గుర్తులు కలిశాయి కదా అని నట్లు బిగించేస్తారు. సొంత బండి పంపు అయితే అది చెల్లుతుంది. వేరే బండి మీద ఎన్నో ఏళ్ళు తిరిగిన పంపులో గేరు ఒకసారి మారి ఉండవచ్చు, గుర్తు ఎవరో కొత్తగా కొట్టి ఉండవచ్చు, ప్లంజర్‌ను పైకి నెట్టే రోలర్ ట్యాపెట్టు అరిగి ఉండవచ్చు. అందువల్ల డీజిల్ చుక్కతోనే సరిచూడాలి.

పంపు పైన హైప్రెషర్ పైపు తగిలే చోట ఉన్న ఒకటో నంబరు డెలివరీ వాల్వు హోల్డర్ విప్పి, లోపలి స్ప్రింగునూ వాల్వునూ తీసి శుభ్రమైన డీజిల్ గిన్నెలో వేశాను. హోల్డర్‌ను తిరిగి బిగించి, దానికి మెడ వంచిన ఈ పైపు తగిలించాను. పైపు చివర పారదర్శకమైన చిన్న గొట్టం తొడగడం నాకు ఇష్టం, చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్లైవీల్ గుర్తు మీద తెల్లని వైట్‌నర్ గీత పెట్టడం కూడా మంచి అలవాటు. స్టాప్ లివర్ ఇంజిన్ నడిచే స్థానంలో, యాక్సిలరేటర్ లివర్ ఫుల్ దగ్గర ఉండాలి. గుర్తుకు చాలా వెనుక నుంచి మొదలుపెట్టి, ఒకరు ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే హ్యాండ్ ప్రైమర్ కొడుతుండగా, మరొకరు ఇంజిన్‌ను నడిచే దిశలోనే మెల్లగా తిప్పాలి. ధారగా వస్తోంది, వస్తోంది, సన్నబడింది, చుక్కలయింది, ఇదిగో చుక్కకూ చుక్కకూ మధ్య చాలాసేపు పడుతోంది. ఆపు! ప్లంజర్ పైకి వచ్చి రంధ్రం మూసిన క్షణం ఇదే, ఇంజెక్షన్ మొదలయ్యేది ఇక్కడే. ఫ్లైవీల్ చూడండి, గుర్తుకు నాలుగు డిగ్రీలు ముందే ఆగింది. అంటే టైమింగ్ ఎక్కువ అడ్వాన్సు అయింది. పంపు బాడీని అది తిరిగే దిశలోకే జరిపితే టైమింగ్ వెనక్కి వస్తుంది, ఎదురు దిశలోకి జరిపితే ముందుకు పోతుంది. ఇంజిన్ మీద నాలుగు డిగ్రీలంటే పంపు దగ్గర రెండు డిగ్రీలే, కాబట్టి చాలా కొంచెమే జరపాలి. జరిపిన తరువాత మళ్ళీ వెనక నుంచి రావాలి. గుర్తు దాటిపోతే ఉన్నచోటు నుంచి కాస్త వెనక్కి తెచ్చి సరిపెట్టవద్దు, గేర్ల మధ్య వదులు వల్ల లెక్క తప్పుతుంది. పావు చుట్టు వెనక్కి పోయి మళ్ళీ ముందుకు రండి. రెండుసార్లు ఒకే చోట చుక్క ఆగితేనే ఫ్లాంజి నట్లు బిగించండి. డెలివరీ వాల్వును దాని స్థానంలోనే పెట్టి, హోల్డర్‌ను టార్క్ రెంచితో లెక్క ప్రకారం బిగించి, ర్యాకు స్వేచ్ఛగా జారుతోందో లేదో మరలా చూడాలి, ఎక్కువ బిగిస్తే ర్యాకు పట్టుకుంటుంది.

ఇంజెక్టర్ల దగ్గర ఒకే జాగ్రత్త. పాత రాగి వాషరు రంధ్రం అడుగునే అంటుకుని ఉండిపోతుంది, దాని మీద కొత్తది వేస్తే రెండు వాషర్లయి నాజిల్ ఎత్తు మారిపోతుంది. లైటు వేసి, కొక్కెంతో తీసి, కొత్తది ఒక్కటే వేయండి. పంపు కింద భాగానికి ఇంజిన్ ఆయిల్ రాని రకమైతే అందులో ఆయిల్ పోయడం మరువవద్దు.

ఎయిర్ తీయడం మీకు తెలిసినదే: ముందు ఫిల్టరు స్క్రూ, తరువాత పంపు స్క్రూ, చివరికి ఇంజెక్టర్ల దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టడం. స్టార్ట్ చేసే ముందు ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పి, నోటికి సరిపోయే చెక్కపలకతో ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి. స్టాప్ లివర్ పనిచేయక ఇంజిన్ రేసు ఎక్కితే గాలి మూసేయడమే మార్గం, అరచెయ్యి అడ్డం పెట్టకూడదు. పైపుల దగ్గర లీకు ఉందేమోనని కూడా చేత్తో తడమవద్దు, సన్నని డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

స్టార్ట్ అయింది, స్లో నిలబడింది. లోడు లేకుండా పొగ చూసి తీర్పు చెప్పలేము, కాబట్టి ఎయిర్ క్లీనర్ గొట్టం తిరిగి తగిలించి, బండిని లోడుతో నడిపి, ఎక్కుడులో నల్లపొగ వస్తోందా, ఇంజిన్ గట్టిగా కొట్టుకుంటోందా అన్నది గమనించండి. కొట్టుకుంటుంటే మరలా చుక్క దగ్గరికే రండి. అంతా బాగుంటే ఇంజిన్ చల్లారాక ఫ్లాంజి నట్లనూ, పైపుల నట్లనూ ఇంకొకసారి బిగువు చూసి, బండిని యజమానికి అప్పగించండి.