చిలికా పిట్ట కాలికి రింగు ఎందుకు?

బరంపురం తెలుగువారందరికీ నమస్కారం.

ఫాల్గుణం వచ్చిందంటే చిలికాలో వలస పక్షుల తిరుగు ప్రయాణం మొదలైనట్టే. ఆ వేళ వాటి కాళ్లకు రింగులు వేసే పని గురించి నాలుగు మాటలు చెబుతాను.

పొద్దు పొడవకముందే సన్నని దారపు వలలు కట్టి ఉంచుతారు. చిక్కిన పిట్టను వెంటనే విడిపించి గుడ్డసంచిలో ఉంచుతారు. ఎండ ముదిరితే వలలు మూసేస్తారు. పిచ్చుకంత ఉండే చిన్న ఉల్లంకినే తీసుకోండి. మెడను రెండు వేళ్ల మధ్య ఒడుపుగా పట్టి, వెల్లకిలా తిప్పి, రొమ్ము మీది ఈకలను మెల్లగా ఊదాలి. ఈకలు విడిపోయి, పల్చటి చర్మం కింద పసుపుపచ్చని కొవ్వు బయటపడుతుంది. ఆర్కిటిక్ తీరాల దాకా ఎగరడానికి ఆ కొవ్వే ఆధారం. బురదలో నిశ్చింతగా మేస్తేనే అది పడుతుంది. ఫొటో కోసం పడవ దగ్గరికి పోనిచ్చి మేత మీదున్న గుంపును లేపేవారిని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

తర్వాత రెక్క కొలిచి, తూకం వేసి, కాలికి సంఖ్య వేసిన తేలికపాటి అల్యూమినియం రింగు తొడిగి వదిలేస్తారు. డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు 1899లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1927లో చేపట్టింది.

దీనివల్ల ఏం తెలుస్తుంది? ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే కొంగలను మనవాళ్లు సైబీరియా పక్షులంటారు. అవి నత్తగుల్ల కొంగలు. సైబీరియాలో ఆ జాతే లేదు. తేలుకుంచి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లలను చేస్తాయి కాబట్టి, ఆ పిల్లలకు పుట్టిల్లు మన ఊరే. అలాగని ఇక్కడే ఉండిపోయే జాతీ కాదు. థాయిలాండ్‌లో రింగు వేసిన ఒక కొంగ 1500 కిలోమీటర్లు పడమరగా బంగ్లాదేశ్‌లో దొరికింది. దొరికినవారు కబురు చేయకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

చిలికా గట్టున చేపల వేట చేసుకునే అన్నదమ్ములకు నా విన్నపం అదే. రింగున్న పిట్ట కనబడితే ఆ రింగును పీకకండి. బతికున్నదైతే సంఖ్యను ఫోనుతో ఫొటో తీసి వదిలేయండి. చచ్చినదైనా సరే, రింగు సంఖ్య, తేదీ, చోటు రాసి అటవీ శాఖ వారికి ఇవ్వండి.