హెమింగ్రే-42 గాజు ఇన్సులేటర్ చేతికొస్తే ముందు ఏం చూడాలి?

హోస్ట్: మన రైలు పట్టాల పక్కన స్తంభాల మీద తెల్ల పింగాణీ ఇన్సులేటర్లు చూసినవాళ్లకి అమెరికా గాజువి చూస్తే కళ్లు చెదురుతాయి. కొత్తగా సేకరించేవాళ్లు రంగు చూసే కొంటారు కదండీ?

గెస్ట్: అక్కడే దెబ్బతింటారు. ముందు ఇన్సులేటర్ అడుగు రంధ్రంలో వేలు పెట్టి చూడండి. మర తగిలిందా లేదా? మర ఉన్న రంధ్రానికి లూయీ కోవే పేటెంటు 1865 జులై 25న వచ్చింది. అంతకుముందువి లోపల నున్నగా ఉండేవి, స్తంభం మీది కర్ర పిన్నుకి ఊరికే తొడిగేవారు. తీగ ఊగితే ఊడొచ్చేవి. అందుకే మరలేనివి ఇప్పుడు అంత అరుదు.

హోస్ట్: మరి సేకరించేవాళ్లు చెప్పే ఈ సి.డి. (కన్సాలిడేటెడ్ డిజైన్) నంబరు?

గెస్ట్: అది ఆకారానికి ఇచ్చిన నంబరు. హెమింగ్రే కంపెనీ 42 సి.డి. 154, విటాల్ టాటమ్ కంపెనీ నంబర్ 1 కూడా 154యే. కంపెనీ మారినా, రంగు మారినా నంబరు మారదు. నేర్చుకోవడానికి 42 మంచిది, ఎక్కడ చూసినా దొరుకుతుంది.

హోస్ట్: దాని వయసెలా తెలుస్తుంది?

గెస్ట్: తర్వాతి కాలం వాటి మీద "25-46" లాంటి అంకెలుంటాయి. 25 అచ్చు నంబరు, 46 అంటే 1946. పక్కన చుక్కలుంటే ఒక్కో చుక్కకి ఒక్కో ఏడాది కలపాలి. నాలుగు చుక్కలుంటే 1950లో పోసింది. దుమ్ములో చుక్కలు కనబడవు, టార్చి వెలుగు పక్కనుంచి వాలుగా వేయండి.

ఆ టార్చితోనే అడుగు అంచు కూడా చూడాలి. అక్కడున్న చిన్న బొడిపెల వరసకి హెమింగ్రే పేటెంటు 1893 మే 2ది. వాన నీరు వాటి కొసన చేరి కారిపోతుంది, తడి వెంట కరెంటు పిన్నుకి పాకడం తగ్గుతుంది. ఒక్క బొడిపె విరిగినా ధర పడిపోతుంది. గాజు లోపల నెలవంకలా మెరిసిందంటే దెబ్బ తగిలిన పగులు. అది కడిగితే పోదు.

హోస్ట్: రైలు మసి పోవాలంటే?

గెస్ట్: ముందు సబ్బుతో జిడ్డు తీయాలి, జిడ్డు మీద ఆమ్లం పనిచేయదు. తర్వాత ప్లాస్టిక్ బకెట్లో 4 లీటర్ల నీళ్లకి 100 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి, రెండు మూడు రోజులు నాననివ్వండి. బయటికి తీశాక వంటసోడా నీళ్లలో ముంచి కడగాలి. ఆక్సాలిక్ ఆమ్లం విషం. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లలకి అందకూడదు. ఇనుప బకెట్ వద్దు. ఎండలో వేడెక్కిన గాజుని చల్లనీళ్లలో వేశారో, చిట్లిపోతుంది.

హోస్ట్: ఊదా రంగువాటికి ఎక్కువ అడుగుతారే?

గెస్ట్: ఇనుము వల్ల వచ్చే పచ్చదనం పోగొట్టడానికి గాజులో మాంగనీసు కలిపేవారు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే అది లేత ఊదాకి తిరుగుతుంది. అదే గాజుకి గామా కిరణాలు పట్టించి ముదురు ఊదా చేసి అమ్మేవాళ్లున్నారు. లాంగ్ బీచ్‌లో పోసిన "కాలిఫోర్నియా" ముద్రవాటిలో ఊదా సహజమే. మామూలు 42 ముదురు ఊదాలో కనిపిస్తే మాత్రం డబ్బు తీయకండి, ముందు తెలిసినవాళ్లకి చూపించండి.