ఉక్రెయిన్ యుద్ధం ఎలా ఆగుతుంది? నల్లగొండ స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారం. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగినప్పుడు వారం పది రోజుల్లో తేలిపోతుందని చాలామంది అనుకున్నారు. ఏళ్లు గడిచాయి. మేడమ్, మీరు చరిత్ర పాఠాలు చెప్తారు. ఇది ఎలా ఆగుతుందంటారు?

లెక్చరర్: అందరూ ఎవరు గెలుస్తారనే అడుగుతున్నారు. ఇరాన్, ఇరాక్ 1980 నుంచి 1988 దాకా కొట్టుకున్నాయి, చివరికి సరిహద్దు దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది కొరియా. ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య 1950 జూన్‌లో యుద్ధం, 1951 జులైలోనే చర్చలు మొదలయ్యాయి. రెండు సైన్యాల మధ్య గీత ఎక్కడ గీయాలో ఆ ఏడాది చివరికే చాలావరకు తేలింది. పీటముడి పడింది ఖైదీల దగ్గర. తిరిగి వెళ్లం అని మొండికేసిన వాళ్లను బలవంతంగా పంపాలా వద్దా అని! సంతకాలు 1953 జులై 27న అయ్యాయి. ఆ రెండేళ్లూ కొండల కోసం మనుషులు చస్తూనే ఉన్నారు. చర్చలు మొదలయ్యాయనగానే మనం ఊపిరి పీల్చుకుంటాం, అక్కడ డ్రోన్లు మాత్రం ఆగవు. ముందు కాల్పులు ఆపాలి, లెక్కలు తర్వాత తేల్చుకోవాలి.

మాజీ సుబేదార్: ఒక్క నిమిషం మేడమ్. మిన్స్క్‌లో 2014లో ఒకటి, 2015లో ఒకటి, కాల్పులు ఆపాలని రెండు ఒప్పందాలు అయ్యాయి. ఉక్రెయిన్ తూర్పున తుపాకులు పూర్తిగా ఆగనే లేదు, 2022లో పెద్ద యుద్ధమే వచ్చింది. అంతకుముందు 1994లో, అణ్వాయుధాలు వదులుకున్నందుకు బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్‌కు హామీలిచ్చారు. ఆ కాగితం మీద రష్యా సంతకమూ ఉంది. గీత మీద కాపలా ఎవరు, దాటితే ఎవరొస్తారు? అది తేలకపోతే కాల్పుల విరమణ అంటే మళ్లీ మందుగుండు నింపుకునే టైమే.

యాంకర్: నారాయణపేట నుంచి ఫోన్. చెప్పండి అన్నా.

ఫోన్‌లో ప్రేక్షకుడు: మా దిక్కు పిల్లగాడిని కూడా ఉద్యోగమని చెప్పి రష్యా సైన్యంలోకి పంపారు, 2024లో తిరిగొచ్చాడు. యుద్ధం సాగితే ఆ ఏజెంట్లు మళ్లీ వస్తారా సార్?

మాజీ సుబేదార్: వస్తారు తమ్ముడూ. యుద్ధం ఏళ్లకేళ్లు సాగితే మనుషుల కొరత వస్తుంది. 2024లో ఉత్తర కొరియా సైనికులను కూడా తెచ్చుకున్నారు. హైదరాబాద్ యువకుడొకరు అక్కడే చనిపోయాడు. పాలమూరు నుంచి బొంబాయికి, గల్ఫ్‌కు పని కోసం పోయే ఇళ్లు ఎన్నో ఉన్నాయి కదా, అప్పుల టెన్షన్‌లో ఉన్నవాళ్లనే ఏజెంట్లు పట్టుకుంటారు. చదవలేని భాషలో ఉన్న కాంట్రాక్టు మీద సంతకం పెట్టొద్దు. దయచేసి మీ ఊళ్లో అందరికీ చెప్పు.

లెక్చరర్: హామీ కావాలి, కాదనను. అది తేలేదాకా కాల్పులు ఆపం అంటే మళ్లీ కొరియాయే. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు సహా 20 మందిని పోగొట్టుకున్నాం. గస్తీ ఒప్పందం 2024 అక్టోబర్‌లో గానీ కుదరలేదు. కానీ మాటలు నడిచిన ఆ నాలుగేళ్లలో అంతటి ఘటన మళ్లీ జరగలేదు.

మాజీ సుబేదార్: అక్కడ రెండు వైపులా బలం ఉంది మేడమ్. ఉక్రెయిన్‌కు ఆ బలం ఎవరిస్తారు?

లెక్చరర్: యూరప్ ఇవ్వాల్సిందే. అయితే 2025 మేలో రెండు దేశాలూ చెరో వెయ్యి మంది ఖైదీలను వదిలాయి, అదీ యుద్ధం నడుస్తుండగానే. కొరియాను రెండేళ్లు ఆపిన ముడిని ఇక్కడ ముందే విప్పుతున్నారు. ఇక మిగిలింది తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ భూమి, మీరన్న హామీ.

మాజీ సుబేదార్: ఆ రెండింటిలో హామీయే ముందు. అది ఉంటే భూమి గురించి పదేళ్లు మాట్లాడుకున్నా పర్వాలేదు.